రాకెట్ ఎగిరాక ఆ పొగ ఎటు పోతుంది? గాలిని కొలవడమే పనిగా పెట్టుకున్న సతీష్ ధావన్ కథ ఇదీ..

శ్రీహరికోటలో కౌంట్‌డౌన్ సున్నాకు చేరగానే అందరి కళ్లూ పైకే. సెల్‌ఫోన్లు పైకే, టీవీ కెమెరాలూ పైకే. నిప్పులు కక్కుతూ రాకెట్ మబ్బుల్లో కలిసిపోగానే చప్పట్లు.. వీడియో అక్కడితో అయిపోతుంది. కింద లాంచ్ ప్యాడ్ దగ్గర మిగిలిపోయిన తెల్లటి పొగ మేఘాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. అది మెల్లగా లేచి, గాలి ఎటు వీస్తే అటు కదులుతుంది. అందులో ఏముంది? ఎంత ఉంది? ఎంత దూరం పోతుంది?

నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో ఫోన్‌లో ప్రయోగం చూసేవాళ్లకు వచ్చే మొదటి డౌట్ కూడా ఇదే. ఆ పొగ ఇక్కడి దాకా వస్తుందా అని! మ్యాప్ మీద గీత గీసి చూస్తే శ్రీహరికోట నుంచి ఆళ్లగడ్డ సుమారు 240 కిలోమీటర్లు, నంద్యాల సుమారు 270. మధ్యలో వెలికొండలు, నల్లమల అడ్డం. ప్యాడ్ దగ్గర నేలకు దగ్గరగా పుట్టే పొగ మేఘం అంత దూరం అదే రూపంలో రాదు. దారిలోనే గాలిలో కలిసి పలచబడిపోతుంది. కాబట్టి నంద్యాల జిల్లా వాసులు కంగారు పడాల్సిన పని లేదు. అసలు ప్రశ్న ప్యాడ్ చుట్టూ ఉన్న దీవి గురించి. పక్కనే ఉన్న పులికాట్ సరస్సు, అందులో వాలే పక్షులు, చేపల వేట మీద బతికే ఊళ్ల గురించి.

విచిత్రం ఏంటంటే, ఆ అంతరిక్ష కేంద్రానికి ఎవరి పేరు పెట్టారో ఆయన జీవితమంతా గాలితోనే గడిచింది. గాలి వస్తువును ఎంత బలంగా తాకుతుందో కొలిచి డాక్టరేట్ తెచ్చుకున్నారు. దేశానికి రాకెట్లు ఇచ్చారు. రిటైరయ్యాక పులికాట్ ఒడ్డున కూర్చుని పక్షులు ఎలా ఎగురుతాయో లెక్కలు వేశారు. ఆయనే ప్రొఫెసర్ సతీష్ ధావన్.

లాహోర్‌లో మొదలు..

ధావన్ 1920 సెప్టెంబర్ 25న శ్రీనగర్‌లో పుట్టారు. చదువు లాహోర్‌లో, పంజాబ్ యూనివర్సిటీలో. ఆయన డిగ్రీల లిస్టు చూస్తే ఇప్పటి ఇంజినీరింగ్ కుర్రాళ్లు అవాక్కవుతారు. గణితం, భౌతికశాస్త్రంతో బీఏ. ఆ తర్వాత ఇంగ్లిష్ సాహిత్యంలో ఎంఏ. దాని మీద మెకానికల్ ఇంజినీరింగ్! ఒకే మనిషి షేక్‌స్పియర్‌నూ చదివాడు, లేత్ మెషీన్ మీదా పనిచేశాడు. తర్వాత అమెరికా వెళ్లి మిన్నెసోటాలో 1947లో ఏరోనాటిక్స్‌లో మాస్టర్స్ పూర్తి చేశారు. అక్కడి నుంచి కాలిఫోర్నియాలోని కాల్‌టెక్. ఆ మధ్యలోనే దేశం రెండు ముక్కలైంది, ఆయన చదువుకున్న లాహోర్ పరాయి దేశమైంది.

కాల్‌టెక్‌లో హాన్స్ లీప్‌మన్ దగ్గర ఆయన ఎంచుకున్న సమస్య వినడానికి చాలా చిన్నది. విమానం ఎగిరేటప్పుడు గాలి దాని ఒంటిని రాసుకుంటూ పోతుంది. ఆ రాపిడి విమానాన్ని వెనక్కి లాగుతుంది. ఆ లాగుడు ఎంత? అప్పటిదాకా ఎక్కువ మంది దాన్ని పరోక్షంగా లెక్కగట్టేవాళ్లు. ఉపరితలం పక్కన గాలి వేగం ఎలా మారుతోందో చూసి, సూత్రాల్లో వేసి, ఇంత ఉండొచ్చని తేల్చేవాళ్లు. ధావన్‌కు అది నచ్చలేదు. చదునైన పలకలో ఒక చిన్న ముక్కను విడదీసి, చుట్టూ సన్నని సందు వదిలి, అది గాలి తోపుకు కాస్త కదిలేలా అమర్చారు. ఆ ముక్క మీద పడే అతి చిన్న బలాన్ని నేరుగా కొలిచారు. ధ్వని కంటే తక్కువ వేగంలోనూ, ఎక్కువ వేగంలోనూ ఇదే పద్ధతి. 1951లో డాక్టరేట్ వచ్చింది. ఆ పని అమెరికా ఏరోనాటిక్స్ సంస్థ నివేదికగా కూడా అచ్చయింది.

రాకెట్ పొగ విషయానికి ఈ పాత థీసిస్‌తో సంబంధం ఏంటని అనిపించొచ్చు. ఉంది. అది ఇంకాస్త కిందకి వెళ్తే తెలుస్తుంది.

బెంగళూరులో చిన్న విండ్ టన్నెల్

1951లోనే ఇండియాకు వచ్చి బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చేరారు. జీతం తక్కువ, పరికరాలు ఇంకా తక్కువ. ఉన్నవాటితోనే ధ్వని వేగాన్ని మించిన గాలిని పుట్టించే చిన్న టన్నెల్ కట్టారు. దాని నోరు ఒక అంగుళం వెడల్పు, మూడు అంగుళాల ఎత్తు.. అంతే! 1955లో ఏరోనాటికల్ విభాగానికి అధిపతి అయ్యారు. 1962లో ఆ సంస్థకే డైరెక్టర్. 1981 దాకా అదే కుర్చీలో ఉన్నారు. అంత చిన్న వయసులో ఆ పదవి అందుకున్నవాళ్లు గానీ, అంత కాలం చేసినవాళ్లు గానీ అక్కడ వేరే లేరు.

1971 డిసెంబర్ 30న విక్రమ్ సారాభాయ్ హఠాత్తుగా చనిపోయారు. ఆ సమయానికి ధావన్ కాల్‌టెక్‌లో ఉన్నారు. ప్రధాని ఇందిరాగాంధీ నుంచి కబురు వచ్చింది. వేరేవాళ్లయితే ఎగిరి గంతేసేవాళ్లు. ఆయన మాత్రం రెండు షరతులు పెట్టారు. ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్ పదవి వదలను, ఇస్రో హెడ్‌క్వార్టర్స్ బెంగళూరులోనే ఉండాలి అని. రెండింటికీ ఢిల్లీ సరేనంది. 1972లో ఇస్రో చైర్మన్ అయ్యారు, 1984 వరకు నడిపించారు.

ఆ పన్నెండేళ్లలో జరిగినవి ఒక్కొక్కటీ ఒక్కో సినిమా కథ. 1975లో ఆర్యభట్ట సోవియట్ గడ్డ నుంచి ఎగిరింది. 1975-76లో శాటిలైట్ ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు అందాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. అయితే జనానికి బాగా గుర్తున్నది ఎస్ఎల్‌వీ-3 కథే.

సముద్రంలో పడ్డ రాకెట్

1979 ఆగస్టు 10. ఎస్ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం. ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం. రాకెట్ బాగానే లేచింది. కానీ రెండో దశను అదుపులో ఉంచే వ్యవస్థలో ఆక్సిడైజర్ లీకైపోయింది. అది నైట్రిక్ యాసిడ్ రకం. రాకెట్ దారి తప్పింది. ఐదు నిమిషాలు దాటిన కాసేపటికే బంగాళాఖాతంలో పడిపోయింది. విలేకరుల ముందుకు వెళ్లింది ధావన్. తప్పంతా తన మీద వేసుకున్నారు, కుర్రాళ్లను వెనక్కి ఉంచారు. ఏడాది తిరగకముందే 1980 జులై 18న అదే రాకెట్ 35 కిలోల రోహిణిని కక్ష్యలో పెట్టింది. ఈసారి విలేకరులతో మాట్లాడమని కలాంను ముందుకు తోశారు, తాను పక్కకు తప్పుకున్నారు. కలాం రాష్ట్రపతి అయ్యాక కూడా ఈ సంఘటనను ఎన్ని సభల్లో చెప్పారో లెక్కే లేదు.

ఇక్కడ నంద్యాలవాళ్లకు గుర్తుండాల్సిన ముచ్చట ఒకటుంది. రోహిణి ఎగిరినప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది నీలం సంజీవరెడ్డి. 1977 ఎన్నికల్లో ఆయన గెలిచింది నంద్యాల లోక్‌సభ స్థానం నుంచే. 1981లో ధావన్‌కు పద్మవిభూషణ్ వచ్చింది కూడా ఆయన రాష్ట్రపతిగా ఉన్న రోజుల్లోనే. ఆ తర్వాత పదేళ్లకు, 1991 ఉప ఎన్నికలో నంద్యాల నుంచే పీవీ నరసింహారావు రికార్డు మెజారిటీతో గెలిచారు. పీఎస్ఎల్‌వీ 1993 సెప్టెంబర్ 20న మొదటిసారి ఎగిరి విఫలమైనప్పుడు, 1994 అక్టోబర్ 15న సక్సెస్ అయినప్పుడు దేశ ప్రధాని నంద్యాల ఎంపీ అన్నమాట!

దీవి, అడవి, యానాదులు

శ్రీహరికోటను రాకెట్ కేంద్రం కోసం ఎంచుకున్నది 1969లో. అంటే ధావన్ రాకముందే. 1971 అక్టోబర్ 9న అక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్ ఎగిరింది. ఒకవైపు బంగాళాఖాతం, ఇంకోవైపు పులికాట్. మధ్యలో సుమారు 43 వేల ఎకరాల నేల. అడవి, ఇసుక, సరుగుడు తోటలు. అక్కడ తరతరాలుగా ఉంటున్న యానాదులు.

లాంచ్ ప్యాడ్లు, ఇంధనం తయారుచేసే ప్లాంట్లు, రోడ్లు, క్వార్టర్లు.. ఇవన్నీ కట్టాలంటే చెట్లు కొట్టాలి. ధావన్ ఈ విషయంలో పట్టుగా ఉన్నారని ఆయనతో పనిచేసినవాళ్లు చెప్పుకుంటారు. అవసరమైన మేరకే నేల తీసుకోవాలి, మిగతా అడవి అడవిలాగే ఉండాలి. యానాదుల బతుకు ఏమవుతుందో కూడా చూడాలి. ఆ రోజుల్లో పర్యావరణం అనే మాట ఆఫీసు ఫైళ్లలో ఇంకా పెద్దగా తిరగడం లేదు. ఈ రోజుకీ ఆ దీవిలో ఎక్కువ భాగం పచ్చగానే ఉంది. రాకెట్ చూడ్డానికి వెళ్లినవాళ్లకు ముందు కనిపించేవి దారికి రెండు వైపులా పులికాట్ నీళ్లలో నిలబడ్డ కొంగలు, ఫ్లెమింగోలే.

మరి ఆ నీళ్ల పక్కనే పొగ వదలడం ఏంటి? దీన్ని దాటవేయలేం.

పొగలో ఏముంటుంది?

ఎస్ఎల్‌వీ-3 మొత్తం బరువు 17 టన్నులు. పీఎస్ఎల్‌వీ మొదటి దశలో ఇంధనమే దాదాపు 139 టన్నులు. ఇప్పటి ఎల్‌వీఎం-3 పక్కన కనిపించే రెండు లావుపాటి మోటార్లలో కలిపి 400 టన్నులకు పైనే. ఇవన్నీ ఘన ఇంధనాలు. ముద్దలా గట్టిపడిన రబ్బరు లాంటి పదార్థంలో అల్యూమినియం పొడి, అమ్మోనియం పర్‌క్లోరేట్ అనే ఉప్పు కలిపి పోత పోస్తారు. మండాక ఆ అల్యూమినియం తెల్లటి అల్యూమినియం ఆక్సైడ్ పొడిగా మారుతుంది. వీడియోల్లో మెరిసే తెల్లటి పొగలో పెద్ద వాటా దానిదే. పర్‌క్లోరేట్‌లోని క్లోరిన్ హైడ్రోజన్ క్లోరైడ్ వాయువుగా బయటికొస్తుంది. అది నీటి తేమతో కలిస్తే హైడ్రోక్లోరిక్ యాసిడ్. వీటితో పాటు కార్బన్ మోనాక్సైడ్, నీటి ఆవిరి, నైట్రోజన్. మొత్తం పొగ బరువులో మూడో వంతు దాకా అల్యూమినియం ఆక్సైడ్, ఐదో వంతు దాకా హైడ్రోజన్ క్లోరైడ్ అనుకోవచ్చు.

ఇదంతా లాంచ్ ప్యాడ్ దగ్గరే పడదు. మొదటి దశ సుమారు రెండు నిమిషాల్లో మండిపోతుంది. ఆ లోపు రాకెట్ పదుల కిలోమీటర్ల ఎత్తుకు పోతుంది. నేల దగ్గర మేఘంగా మిగిలేది తొలి కొన్ని సెకన్ల పొగ. కానీ దాన్ని చిన్నచూపు చూడకూడదని అమెరికా అనుభవం చెబుతోంది. ఫ్లోరిడాలో స్పేస్ షటిల్ ప్రయోగాల తర్వాత ప్యాడ్ పక్కనున్న లోతు తక్కువ నీళ్లలో ఆమ్లం పెరిగి చిన్న చేపలు చచ్చి తేలాయి. దగ్గర్లోని మొక్కల ఆకులు మాడాయి. మంటను, శబ్దాన్ని తగ్గించడానికి ప్యాడ్ మీద గుమ్మరించే నీళ్లు పొగలోని ఆమ్లంతో కలిసి తుంపరలుగా పడటమే దానికి ముఖ్య కారణం. నష్టం ఎక్కువగా ప్యాడ్ దగ్గరి ప్రాంతానికే పరిమితమైంది. ఈ సంగతి అంత కచ్చితంగా ఎలా తెలిసింది? షటిల్ రాకముందే 1970లలో నాసా టైటాన్ రాకెట్ల పొగ మేఘాల్లోకి విమానాలు పంపి కొలిచింది కాబట్టి.

కొలవడం ఎందుకంత కష్టం?

గాలి కాలుష్యం అనగానే నగరాల్లో కనిపించే బోర్డులు గుర్తొస్తాయి. పీఎం 10, పీఎం 2.5 అంటూ అంకెలు. దేశంలో 2009 ప్రమాణాల ప్రకారం 24 గంటల సగటు పీఎం 10 అయితే 100 మైక్రోగ్రాములు, పీఎం 2.5 అయితే 60 దాటకూడదు. ఆ ప్రమాణాల్లో మొత్తం 12 కాలుష్యాలున్నాయి. హైడ్రోజన్ క్లోరైడ్ ఆ లిస్టులో లేదు. అంటే మామూలు స్టేషన్‌ను తీసుకెళ్లి లాంచ్ ప్యాడ్ పక్కన పెట్టినా రాకెట్ పొగలో ముఖ్యమైన వాయువును అది పట్టుకోదు!

రెండో చిక్కు టైమ్. పొగ మేఘం ఒక చోటును కొన్ని నిమిషాల్లో దాటిపోతుంది. 24 గంటల సగటు తీస్తే ఆ నిమిషాల ఘాటు మిగతా గంటల స్వచ్ఛమైన గాలిలో మునిగిపోతుంది. కానీ ఊపిరితిత్తులు సగటు పీల్చవు కదా. ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకు హైడ్రోజన్ క్లోరైడ్ విషయంలో అమెరికా పెట్టిన పరిమితి, ఏ క్షణంలోనూ పది లక్షల భాగాల్లో 5 భాగాలు దాటకూడదని. క్షణాల లెక్క కాబట్టి సెకను సెకనుకూ చదివే పరికరమే కావాలి.

మూడోది శ్రీహరికోటలాంటి చోటే వచ్చే చిక్కు. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. ఉప్పంటే సోడియం క్లోరైడ్. గాలిని నీళ్లలోకి పంపి క్లోరైడ్ ఎంతుందో చూస్తే రాకెట్ ఎగరని రోజు కూడా అంకె కనిపిస్తుంది. అందుకే ముందు ఒక వడపోత కాగితంతో ఉప్పు రేణువులను ఆపి, ఆ వెనక క్షారం పూసిన కాగితంతో ఆమ్ల వాయువును పట్టుకోవాలి. అల్యూమినియంతోనూ ఇదే తంటా. మట్టి దుమ్ములో కూడా అల్యూమినియం ఉంటుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే తేడా బయటపడుతుంది. మట్టి రేణువు వంకర టింకరగా ఉంటుంది, రాకెట్ మంటలో కరిగి గట్టిపడ్డ రేణువు గుండ్రంగా గోళీలా ఉంటుంది.

ఆళ్లగడ్డ శిల్పులకు ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. ఉలి దెబ్బకు లేచే రాతి పొడి వేరు, రోడ్డు మీద లేచే దుమ్ము వేరు. రెండూ గాలిలో దుమ్మే, రెండూ పీఎం 10లో ఒకే అంకెగా కనిపిస్తాయి. నంద్యాల వైపు సిమెంట్ ఫ్యాక్టరీ దుమ్ముకైనా, నాపరాళ్ల గనుల దుమ్ముకైనా ఇదే వర్తిస్తుంది. ఎంత ఉందని తెలిస్తే సరిపోదు, ఎక్కడిదో తేలాలి. ఆ లెక్కన రాయలసీమ ఈ పనికి కొత్తేం కాదు. గాలిలో తేలే రేణువులను కొలిచేందుకు ఇస్రో దేశమంతా నడిపే పరిశీలన కేంద్రాల్లో అనంతపురం శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ ఒకటి.

ఇక పరికరం ఎక్కడ పెట్టాలన్నది నాలుగో ప్రశ్న. ప్రయోగానికి ముందు బెలూన్లు వదిలి పై గాలుల వేగం, దిక్కు, ఉష్ణోగ్రత తెలుసుకుంటారు. రాకెట్‌కు అవి ఎలాగూ కావాలి. అవే అంకెలతో పొగ మేఘం ఎంత ఎత్తుకు లేచి ఆగుతుందో, ఎటు జరుగుతుందో ముందే లెక్క వేయొచ్చు. పగలు సముద్రం నుంచి నేల మీదకు వీచే గాలి, రాత్రి నేల నుంచి సముద్రం మీదకు తిరుగుతుంది. ఒకే రాకెట్ పొద్దున ఎగిరితే ఒక ఫలితం, అర్ధరాత్రి ఎగిరితే ఇంకో ఫలితం. లెక్క చెప్పిన దారిలో పరికరాలు వరుసగా పెట్టి, ప్రయోగానికి ముందు రోజు, ఆ రోజు, మర్నాడు కొలిచి పోల్చాలి. ముందు రోజు కొలత లేకపోతే మిగతావన్నీ దండగే.

ధావన్ థీసిస్ గుర్తొచ్చేది ఇక్కడే. సూత్రం ప్రకారం ఇంత ఉండొచ్చని సరిపెట్టుకోవడం ఒక పద్ధతి. పలకలో ముక్క కోసి, సందు వదిలి, బలాన్ని నేరుగా చదవడం ఆయన పద్ధతి. పొగ మేఘానికైనా కంప్యూటర్ మోడల్ ఒకటి ఉంటే చాలదు. గాలిలో చెయ్యి పెట్టి చూడాల్సిందే.

పులికాట్ ఒడ్డున ఒక ముసలాయన

1984లో ఇస్రో బాధ్యతలు దిగాక ధావన్ పక్షుల వెంట పడ్డారు. పులికాట్ దగ్గర గంటల తరబడి చూసేవారు. గూడబాతు ఎంత బరువు, రెక్క ఎంత పొడవు, ఎగరడానికి ఎంత శక్తి కావాలి, గుంపులో ఎగిరితే ఎంత ఆదా అవుతుంది.. విమానాలకు వేసిన లెక్కలే పక్షులకూ వేశారు. 1991లో ఆ పని పక్షుల ఎగురుడు మీద పుస్తకంగా వచ్చింది. రాకెట్లు ఎగరేసిన మనిషి చివరికి కొంగల దగ్గర ఆగడం చాలామందికి వింతగా అనిపించి ఉండొచ్చు. ఆయనకు మాత్రం రెండూ గాలి లెక్కలే.

2002 జనవరి 3న బెంగళూరులో ధావన్ కన్నుమూశారు. అదే ఏడాది సెప్టెంబర్ 5న శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరు పెట్టారు. ఇప్పుడు ప్రతి ప్రయోగం రోజూ ఆ పేరు టీవీ తెరల మీద కనిపిస్తూనే ఉంటుంది.

ఆయన వెళ్లిపోయాక ప్రయోగాల సంఖ్య పెరిగింది, రాకెట్ల సైజూ పెరిగింది. పొగ కథ నేల దగ్గరే ఆగలేదు కూడా. 1990లలో అమెరికా పరిశోధన విమానాలు 20 కిలోమీటర్ల దాకా ఎత్తులో రాకెట్ల తోకల్లోంచి దూసుకెళ్లి చూశాయి. పొగ దారిలో ఓజోన్ కాసేపు బాగా పడిపోవడం కనిపించింది. తర్వాత చుట్టుపక్కల గాలి కలిసి మామూలైంది. ప్రపంచం మొత్తం మీద ఓజోన్‌కు రాకెట్ల వల్ల జరిగే నష్టం ఇప్పటికి చాలా తక్కువే. ప్రయోగాలు ఏటా వందల్లోకి చేరుతుండటంతో శాస్త్రవేత్తలు మళ్లీ ఆ లెక్క తీస్తున్నారు. కిరోసిన్‌తో నడిచే ఇంజిన్లలో యాసిడ్ గొడవ ఉండదు గానీ, మసి వస్తుంది. ఆ మసి పై వాతావరణంలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఏ ఇంధనమూ ఉచితం కాదన్నమాట.

2025 జనవరిలో శ్రీహరికోటలో మూడో లాంచ్ ప్యాడ్‌కు కేంద్ర కేబినెట్ ఓకే చెప్పింది. ఖర్చు సుమారు 3,985 కోట్ల రూపాయలు, గడువు 48 నెలలు. రాబోయే కొత్త తరం రాకెట్ కోసం ద్రవ మీథేన్‌తో మండే ఇంజిన్లను ఇస్రో తయారుచేస్తోంది. వాటి పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉండదు. అయితే అదే ప్యాడ్ నుంచి ఎల్‌వీఎం-3 కూడా ఎగరగలదు. దాని పక్కన ఉండే ఆ రెండు ఘన ఇంధన మోటార్లు మాత్రం ఎప్పటిలాగే తెల్లటి మేఘాన్ని పులికాట్ పక్కన వదిలి వెళ్తాయి.